వంకాయ రంగు, మూడో లాట్

నా బిడ్డంటే నాకు కుళ్ళు. ప్రేమ లేదని కాదు. అది అందరు తండ్రులకూ ఉండేదే, దాన్ని గురించి కొత్తగా రాయడానికి ఏముంది? కుళ్ళు గురించే ఎవరూ రాయరు. పక్కింటివాడి మీద కుళ్ళుకోవచ్చు, తోడల్లుడి మీద కుళ్ళుకోవచ్చు, లోకం నవ్వి ఊరుకుంటుంది. సొంత బిడ్డను చూసి కడుపు మండే తండ్రిని మాత్రం నేనింతవరకు చూడలేదు, అద్దంలో తప్ప.

సిరిసిల్లలో ఒక అద్దకం షెడ్డులో నేను రంగుల మాస్టర్ని. ముప్పై ఏళ్ళు దాటింది. నూలు కట్టలు తెల్లగా వస్తాయి, మా తొట్లలో మునిగి ఎర్రగానో పచ్చగానో నీలంగానో లేస్తాయి, ఆరిన తర్వాత మగ్గాలకు పోతాయి. ఊళ్ళో నాకు పేరుంది. ఏ రంగు గుడ్డ ముక్క తెచ్చి చేతిలో పెట్టినా, అందులో ఎరుపు ఎంత, నీలం ఎంత, పసుపు ఏమైనా తగిలిందా అని చూడగానే చెబుతాను. నీళ్ళ వేడి చేతికి తెలుస్తుంది. సోడా సరిపోయిందా లేదా వేళ్ళ మధ్య జారుడును బట్టి తెలుస్తుంది. నాలుక చివర ఒక చుక్క వేసుకుంటే ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలుస్తుంది. ఇవన్నీ గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి, గొప్పలే.

ఈ నాలుకే నన్ను చదువులో ముంచింది. ఇంటర్ జగిత్యాలలో చదివాను. కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షలో పొట్లం కట్టి ఒక ఉప్పు ఇస్తారు. గాజు గొట్టాల్లో పోసి, కాచి, ఆసిడ్ చుక్కలు వేసి, ఒక్కొక్క మెట్టూ కాగితం మీద రాస్తూ అదేమిటో కనిపెట్టాలి. నేను పొట్లం విప్పి రెండు వేళ్ళు తడిపి రాశాను. జారింది. నాలుకకు రవ్వంత తగిలించాను. మా నాన్న తొట్లో రోజూ పడే సోడానే. కాగితం మీద పైనుంచి కిందికి ఒక్కటే ముక్క, "ఇది సోడా" అని రాసి, అందరికంటే ముందు లేచాను. పరీక్ష పెట్టడానికి వచ్చిన సారు నన్ను ఆపి ఎట్లా తెలిసిందని అడిగాడు. నాలుకకు తెలిసింది సార్ అన్నాను.

"సచ్చిపోతవ్‌రా! విషం ఉప్పు అయితే ఏం జేద్దువు?" అని గదంతా అదిరేటట్టు అరిచాడు. కాగితం అడ్డంగా కొట్టేశాడు. జవాబు రైటే. ఎట్లా వచ్చిందో రాయలేదని ఫెయిల్ చేశారు. మళ్ళీ రాయబుద్ధి కాలేదు. సిరిసిల్లకు వచ్చి మా నాన్న వెనుక నిలబడ్డాను.

వెనుక అని ఊరికే అనలేదు. మా పనిలో ఒక ఆచారం ఉంది. మాస్టర్ రంగు కలిపేటప్పుడు గోడ వైపు తిరిగి కలుపుతాడు. ఏ డబ్బాలోంచి ఎంత తీశాడో పనివాళ్ళకు కనపడొద్దు. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. మా నాన్న కన్నకొడుకునని నాకైనా చెప్పలేదు. తొమ్మిదేళ్ళు ఆయన వీపు చూశాను. మోచేయి ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టి గుప్పెళ్ళు నేర్చుకున్నాను. డబ్బా మూత చప్పుడును బట్టి అది ఎరుపో నీలమో పోల్చుకున్నాను. అడిగినవాడు మాస్టర్ కాలేడు, చెప్పినవాడు మాస్టర్‌గా ఉండలేడు. మా దగ్గర అదే శాస్త్రం.

ఆ తొమ్మిదేళ్ళలో ఒక్కసారే ఆయన నా చెంప మీద కొట్టాడు. ఒక ఎండాకాలం బావి అడుగంటితే, ఎర్ర రంగు తొట్టిని నేను బోరు నీళ్ళతో నింపాను. నూలు పైకి తీస్తే మచ్చలు మచ్చలు, మధ్యలో తుప్పు పట్టినట్టు మసక. కట్టలన్నీ నేలపాలు. "గా నీళ్లల్ల రంగు నిలవదని నీకు ఎర్కలేదా?" అన్నాడు. ఎరుక లేదు, ఆయన ఎప్పుడు చెప్పాడు కనుక. ఆ దెబ్బతో మాత్రం బోరు నీళ్ళు రంగుకు శత్రువని నెత్తురులోకి ఎక్కింది. తర్వాత షెడ్డుకు మున్సిపాలిటీ నల్లా నీళ్ళు వచ్చాయి. గోడ మీద రెండు వాల్వులు పక్కపక్కనే ఉంటాయి. నల్లా వాల్వు తొట్లకు. బోరు వాల్వు గచ్చు కడగడానికి. బోరు వాల్వును ఎవరూ పొరపాటున తిప్పకుండా దానికి గోనె తాడు కట్టింది నేనే.

ఇక నా బిడ్డ. ఒక్కతే బిడ్డ. ఇంటర్ కోరుట్లలో అమ్మమ్మ ఇంట్లో ఉండి చదివింది. మేనమామలిద్దరూ గల్ఫ్‌లో ఉండేవారు. ఇల్లు పెద్దది, మనుషులు తక్కువ, చదువుకోవడానికి మంచి చోటని నా భార్య పట్టుబట్టి పంపింది. ఫలితాలు వచ్చిన రోజు బస్సెక్కి పోయాను. పిల్ల ఏడుస్తోంది. ఏమైందే అంటే, "కెమిస్ట్రీల రెండు మార్కులు పోయినయ్ బాపు" అంది. నేను ఆమె తల నిమిరాను. నిమురుతున్న చెయ్యి లోపల ఏదో చురుక్కుమంది. అదేమిటో అప్పుడు నాకు పేరు తెలియదు. అదే పరీక్షలో నాకు పోయినవెన్నో లెక్కపెట్టడం నేనెప్పుడో మానేశాను.

హైదరాబాద్‌లో కెమికల్ ఇంజనీరింగ్ చదివింది. పెయింట్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో రెండేళ్ళు చేసింది. మావాళ్ళకు కెమికల్ ఇంజనీరంటే ఏమిటో తెలియదు. మల్లాపూర్‌లో ఒక పెళ్ళికి పోతే, నాకు వరుసకు బావ అయ్యే రైతు ఆమెను పట్టుకుని, "బిడ్డా, మా మక్క చేనుకు పురుగు తగిలింది, ఏ మందు కొట్టాలె?" అని అడిగాడు. ఆమె నవ్వకుండా, విసుక్కోకుండా, ఆకు ఎట్లా ఉంది, పురుగు ఎక్కడ కూర్చుంటోంది అని అడిగి, ఇది తన చదువు కాదని చెప్పి, వ్యవసాయం చదివిన స్నేహితురాలికి అక్కడే ఫోన్ కలిపి మాట్లాడించింది. భోజనాల దగ్గర అందరూ ఆమె చుట్టే. నన్ను పలకరించినవాడు లేడు. ముప్పై ఏళ్ళు ఆ ఇంటి పెళ్ళిచీరల నూలుకు రంగు వేసింది ఎవరనుకున్నారు? నేను పప్పన్నం తిని చెయ్యి కడుక్కున్నాను.

అంతవరకైనా ఓర్చుకునేవాణ్ణి. ఆమె హైదరాబాద్‌లో, నేను సిరిసిల్లలో. కానీ మా షెడ్డు యజమాని సేటు ఒకరోజు నాకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. కుర్చీ వేశాడంటేనే నాకు అనుమానం.

"మాస్టర్, కొనేటోళ్లు సతాయిస్తున్నరు. మొదటి లాట్ ఒక రంగు, రెండో లాట్ ఇంకో రంగు అంటున్నరు. నీ బిడ్డ గీ రంగుల చదువే చదివిందట గదా?"

ఒక్కసారి తొట్టిలో వేసే నూలును మేము లాట్ అంటాం. రెండు లాట్ల మధ్య వెంట్రుకవాసి తేడా మామూలే, అది అద్దకం, అచ్చు కాదు. ఆ మాటే అన్నాను. సేటు చాయ్ ఊదుకుంటూ, "అడిగి సూడు జర" అన్నాడు. అడగకుండా రెండు వారాలు నాన్చాను. ఆ సంగతి నా భార్య నోట ఫోన్లో జారింది. మూడో రోజుకల్లా పిల్ల సంచితో సహా ఇంట్లో దిగింది. "మన షెడ్డులనే ఇంత పని ఉంటె గక్కడెక్కడనో ఏం జెయ్యాలె?" అంది. నా భార్య సంతోషంతో, చుడుతున్న బీడీల చాట పక్కన పెట్టి గారెలకు పప్పు నానబోసింది. నేను మంచిదే అన్నాను. ఆ రోజు గారెలు నేను ముట్టలేదు.

మొదటి రోజే మొదలైంది. నేను తొట్టిలో చెయ్యి పెట్టి తీశాను. పిల్ల పక్కనే గాజు కడ్డీ పట్టుకుని నిలబడింది.

"బాపు, నీళ్లు ఎంత కాగాలె?"

"చెయ్యి పెడితె మూడు లెక్కవెట్టంగనే తియ్యబుద్ధి కావాలె."

ఆమె కడ్డీ ముంచింది, చూసింది, "అరవై" అని బుక్కులో రాసుకుంది. నేను వేళ్ళు రుద్దుకుని సోడా చాలు అంటే, ఆమె కాగితం ముక్క ముంచి, మారిన రంగు చూసి, ఇంకో అంకె రాసుకుంది. పది రోజులు ఇదే తంతు. పదో రోజు బుక్కు పట్టుకుని గంతులేస్తూ వచ్చింది.

"బాపు! నీ చెయ్యి అరవైకి ఒక్క డిగ్రీ అటిటు తప్ప ఏనాడు తప్పలె. మిషనే నువ్వు!"

షెడ్డంతా చప్పట్లు. బాయిలర్‌లోకి వరి పొట్టు ఎగదోసే చాచా, నా ఈడువాడే, పార మీద చెయ్యి వేసి, "క్యా బాత్ హై మాస్టర్! బిడ్డ పాస్ చేసింది నిన్ను!" అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళు వీపు చూసి, ఇరవై ఏళ్ళకు పైగా చేతులు కాల్చుకుని సంపాదించుకున్నది ఆమె బుక్కులో ఒక అంకె అయింది. ఇక ఆ అంకె చూసి ఎవడైనా చేయొచ్చు. వేడినీళ్ళలో చెయ్యి పెట్టే పనే లేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఇంతకూ ఇంజనీర్లంటే ఏం జేస్తరే మీరు? రంగు నేనే ఏస్తి. బాయిలర్ చాచా నడిపె. నువ్వు జేసేదేంది?"

ఆమె ఆలోచించి చెప్పింది. "నువ్వు ఒక్కపాలి మంచిగ జేసింది, నువ్వు లేకున్నా వెయ్యి సార్లు గట్లనే అచ్చేటట్టు జేసుడు. గంతే బాపు."

నువ్వు లేకున్నా. ఆమె మామూలుగానే అంది. ఆ రెండు మాటలే వారం రోజులు నా చెవుల్లో మోగాయి.

ఆమె చేసిన మంచిని కూడా చెప్పాలి, చెప్పకపోతే నా కుళ్ళుకు కారణం ఉండదు. ఆవిరి గొట్టాలకు ఏదో దూది లాంటి పట్టీ చుట్టించింది. తొట్లు తొందరగా కాగాయి, చాచాకు పొట్టు మోత సగం తగ్గింది. అప్పటినుంచి చాచా ఆమెకు మురీదు, శిష్యుడు అయిపోయాడు. పత్తి దారం రంగును ఎట్లా పట్టుకుంటుందో, పాలిస్టర్ ఎందుకు పట్టుకోదో, ఉప్పు వేస్తే రంగు నీళ్ళను విడిచి దారం వైపు ఎందుకు పోతుందో పనివాళ్ళకు కూర్చోబెట్టి చెప్పింది. చెప్పింది! మా షెడ్డులో ఒకరు ఇంకొకరికి చెప్పడం అదే మొదటిసారి. చుట్టూ కూర్చుని నోళ్ళు తెరిచి విన్నారు. నేను దూరంగా తొట్టి కడుగుతున్నట్టు నటిస్తూ నేనూ విన్నాను. ఉప్పు సంగతి నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు, ఎందుకన్నది మాత్రం ఆ రోజే తెలిసింది. తెలిసినందుకు సంతోషపడాలా? ఇంకా కాలింది నాకు.

సేటు ఆమెను మేడం అనడం మొదలుపెట్టాడు. గుడ్డ ముక్క వస్తే ముందు ఆమెకే ఇచ్చేవాడు. చీరలు నేయించే పెద్ద వ్యాపారి ఒకాయన వంకాయ రంగు నూలు అడిగాడు. వంకాయ రంగు అంత కష్టమైనది ఇంకోటి లేదు. ఎరుపు రవ్వంత పెరిగితే బీట్‌రూట్, నీలం రవ్వంత పెరిగితే నేరేడు. మూడు లాట్లు ఒకే తీరుగా రావాలి, ఒక్కటి తప్పినా మొత్తం వాపసు అన్నాడాయన. సేటు మా ఇద్దరినీ నిలబెట్టి తేల్చేశాడు.

"మేడం చేతి మీద మూడు లాట్లు నడుస్తయ్. మూడూ ఒక్కతీరుగ వస్తె ఇగ కాయిదం మీదనే పని. రాకుంటె మాస్టర్ పాత పద్ధతే. గంతే, మల్ల పంచాది లేదు."

ఇంటికి వచ్చాక పిల్ల తల్లితో చెప్పింది, ఇది నిలబడకపోతే హైదరాబాద్ పాత ఉద్యోగానికే పోవాలని. చెప్పేటప్పుడు ఆమె గొంతు మామూలుగా లేదు. ఆమెకు ఇక్కడ ఉండాలని ఉంది. నాకూ ఆమె ఇంట్లో ఉండాలనే ఉంది. షెడ్డులో ఉండొద్దనే ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయో నాకు తెలియదు.

మొదటి లాట్ వచ్చింది. ప్రతి లాట్ నుంచి ఒక నూలు పోచ తీసి తీగకు కట్టడం మా పద్ధతి. ఆ పోచను ఎండలోకి తీసుకుపోయి, నీడలోకి తీసుకుపోయి, తడిపి, ఆరబెట్టి, తప్పు కోసం వెతికాను. ఉండి ఏడిస్తే కదా దొరకడానికి. రెండో లాట్ కూడా అట్లాగే వచ్చింది. రెండు పోచలు పక్కపక్కన పెట్టాను. ఏది మొదటిదో ఏది రెండోదో నాకే తెలియలేదు. నా కన్ను అబద్ధం చెప్పదు, అదే నా ఖర్మ. ముప్పై ఏళ్ళలో నేను ఏ రెండు లాట్లనూ అట్లా తీయలేదు.

ఆమె తొట్టి నింపాక రంగుకంటే ముందు ఒక తెల్ల పొడి వేసేది. దానికీ ముందు ఒక కాగితం ముక్క నీళ్ళలో ముంచి చూసేది. "గిదేందో అడగవా బాపు?" అని ఒకసారి తనే నవ్వుతూ అంది. "నాకెందుకే" అన్నాను. ఉప్పో సోడానో అయి ఉంటుందనుకున్నాను. అయినా నేను అడగడమేమిటి? మాస్టర్ అడగడు.

మూడో లాట్ నాడు పొద్దున్నే షెడ్డుకు పోయాం. ఆమె చిన్న గదిలో రంగులు తూస్తోంది. తలుపులోంచి తల బయటపెట్టి, "బాపు, జర తొట్టి నింపుతవా?" అంది.

గోడ దగ్గరికి పోయాను. రెండు వాల్వులు. నల్లా వాల్వు మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి జరిగి పక్కనున్న గోనె తాడు ముడి విప్పడం నేను చూశాను. ఇంకెవరి చెయ్యో అన్నట్టు రాస్తున్నాను కానీ, నా చెయ్యే. మా నాన్న కొట్టిన దెబ్బ గుర్తుంది. నేలపాలైన ఎర్ర కట్టలు గుర్తున్నాయి. ఏం జరుగుతుందో నాకంటే బాగా తెలిసినవాడు ఆ షెడ్డులో లేడు. బోరు వాల్వు తిప్పాను. నీళ్ళు భళ్ళున తొట్టిలో పడ్డాయి.

చాచా పార ఆపి చూశాడు. "మాస్టర్, గది బోరుది గదా?"

"నల్లా సన్నగ అస్తున్నది" అన్నాను.

చాచా మళ్ళీ పార ఎత్తాడు. తొట్టి నిండగానే వాల్వు మూసి, తాడు మళ్ళీ మునుపటి ముడే వేశాను.

పిల్ల వచ్చింది. అలవాటు ప్రకారం కాగితం ముక్క ముంచి పైకి ఎత్తి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను పంచె అంచుకు అంటిన రంగు గీకుతున్నట్టు తల దించుకున్నాను. ఆమె బుక్కు తెరిచి ఏదో రాసింది. చిన్న గదిలోకి పోయి వచ్చి, తెల్ల పొడి ఒక గరిటెకు బదులు గరిటె మీద గరిటె వేసింది. నాకేమీ అర్థం కాలేదు. పైగా, తొందరలో లెక్క తప్పింది, ఇంకా మంచిది అనుకున్నాను.

రంగు పడింది. ఉప్పు పడింది. నూలు మునిగింది. గంట గడవాలి. ఆ గంటలో మొదటి సగం నేను పండగ చేసుకున్నాను. సేటు మొహం ఎట్లా మాడుతుందో, "మాస్టర్, నువ్వే చూసుకో ఇగ" అని ఎట్లా అంటాడో ఊహించుకున్నాను. మళ్ళీ గోడ వైపు తిరిగి నిలబడతాను, మళ్ళీ నా వీపే అందరూ చూస్తారు. తర్వాత పిల్ల కట్టలు తిప్పుతూ మోచేత్తో చెమట తుడుచుకుంటే, ఆమె మణికట్టు మీద ఎర్రగా కాలిన మచ్చ కనపడింది. నా మణికట్టు మీద సరిగ్గా అక్కడే ఉంటుంది, తొట్టి అంచు తగిలేచోట. చెప్పాలనుకున్నాను. నీళ్ళు వదిలేయ్ బిడ్డా, మళ్ళీ నింపుదాం అనాలని నోటిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగింది.

నూలు పైకి లేచింది.

మచ్చ లేదు. మసక లేదు. కడిగారు, సబ్బునీళ్ళలో కాచారు, పిండారు. ఒక పోచను ఆవిరి గొట్టం మీద ఆరబెట్టి తీగకు కట్టారు. మూడు పోచలు. సేటు అద్దాలు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు. నేనూ చూశాను. అవే వంకాయలు, ఒకే చెట్టువి, ఒకే పూట కోసినవి.

బోరు నీళ్ళలో. నా చెంప మీద దెబ్బ వేయించిన నీళ్ళలో.

సేటు "షాబాష్ మేడం" అనబోతుంటే పిల్ల చెయ్యెత్తి ఆపింది. "ఒక మాట సేట్. మొదటి రెండూ నల్లా నీళ్లతోని చేసినం. మూడోది బోరు నీళ్లతోని చేసినం. వాల్వు బాపు తిప్పిండు."

షెడ్డు మొత్తం నా వైపు తిరిగింది. ముప్పై ఏళ్ళ పేరు ఇక్కడ ఈ గచ్చు మీద ముగిసిందనుకున్నాను.

"ఎండకాలం నల్లా బందయితె పని ఆగుతది గదా. గప్పుడు నా కాయిదం నిలుస్తదా లేదా అని పరీక్ష వెట్టిండు. బోరు నీళ్లల్ల సున్నం ఉంటది, గదే రంగును ఇరగ్గొడ్తది. గా తెల్ల పొడి సున్నాన్ని పట్టుకుంటది. ఎంత ఉంటె అంత వెయ్యాలె, గంతే. బాపు తిప్పకుంటె గీ సంగతి మనకు తెల్వకపోతుండె."

సేటు రెండు చేతులతో నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. "మాస్టరంటె మాస్టరే! బిడ్డ అని సుత చూడకుంట పరీక్ష వెట్టిండు చూడు!" మర్నాడు అందరి ముందు శాలువా కప్పాడు. ఫోటో తీశారు. తేలు కుట్టిన దొంగను ఎప్పుడైనా చూడాలనుకుంటే ఆ ఫోటోలో చూడొచ్చు, ఇప్పటికీ సేటు గదిలో వేలాడుతోంది. చాచా దగ్గరికి వచ్చి శాలువా అంచు సర్దుతూ, నాకొక్కడికే వినపడేటట్టు, "నల్లా సన్నగ అస్తున్నదంటివి గదా మాస్టర్?" అన్నాడు. అని కన్ను గీటి పొట్టు దగ్గరికి పోయాడు.

మీరే చెప్పండి, ఇంతకంటే కడుపుమంట ఉంటుందా? నేను చెడగొట్టబోయింది ఆమెకు ఇంకో మెట్టయింది. నా ద్రోహం కూడా నాకు దక్కలేదు, దాన్నీ తీసుకుపోయి తన శాస్త్రంలో కలిపేసుకుంది. ఆ పొడి ఏమిటని ఒక్కమాట అడిగి ఉంటే నేను ఆ వాల్వు ముట్టేవాణ్ణి కాదు. వేరే ఏదైనా దారి వెతికేవాణ్ణి, అంత నీచుణ్ణే. అడగలేదు. మాస్టర్ అడగడు కదా.

ఆ సాయంత్రం పిల్ల స్కూటీ నడిపింది, నేను వెనుక కూర్చున్నాను, శాలువా కవరు ఒళ్ళో పెట్టుకుని. ఇంటి ముందు బండి ఆపింది. నేను దిగి, "బిడ్డా" అన్నాను. ఆమె సంచిలోంచి బుక్కు తీసి, తెరిచి, పెన్నుతో సహా నా చేతిలో పెట్టింది.

పేజీకి గీతలు కొట్టి గడులు చేసి ఉన్నాయి. మూడో లాట్. వేడి అరవై. నూలు, ఉప్పు, సోడా, అన్నిటికీ ఎదురుగా అంకెలు. నీళ్ళు అన్నచోట "బోరు, బాపు తిప్పిండు" అని ఉంది. దాని పక్కన "ఎందుకు" అనే గడి. అది ఖాళీ.

"సేటుకు నేను జెప్పింది సేటుకు" అంది. "బుక్కుల అబద్ధం రాయరాదు బాపు. గది నువ్వే రాయి."

"రాయకుంటె?"

"ఖాళీ ఉంటది. నేనైతె నింప."

నా భార్య లోపలినుంచి చాయ్ కాగుతోంది రమ్మని పిలుస్తోంది. నేను అరుగు మీద కూర్చున్నాను. పెన్ను మూత తీశాను. ఒక్క మాట రాశాను. కుళ్ళు. రాసి బుక్కు ఆమెకిచ్చాను. ఆమె చదివింది. ఆమె మొహం వైపు చూసే ధైర్యం నాకు లేదు, చేతులే చూశాను. కొట్టేస్తుందనుకున్నాను, జగిత్యాలలో ఆ సారు కొట్టేసినట్టు అడ్డంగా. కొట్టేయలేదు. ముక్కు ఎగబీల్చి, బుక్కు మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది.

"జవాబు రైటే బాపు. ఎట్ల అచ్చిందో గూడ రాయి."

ఆ గడి చిన్నది. దాంట్లో పట్టలేదు.